పిడుదుల ద్వారా వచ్చే జ్వరాలు, వాటి మీద పరిశోధన: తరచుగా అడిగే ప్రశ్నలు

నేను అంటువ్యాధుల మీద, ముఖ్యంగా పిడుదుల ద్వారా మనుషులకు వచ్చే జ్వరాల మీద పనిచేసే పరిశోధకురాలిని. జ్వరం వచ్చి తగ్గినవాళ్లు, వాళ్ల ఇంట్లోవాళ్లు, మెడిసిన్ చదివే పిల్లలు, అప్పుడప్పుడు తోటి డాక్టర్లు అడిగిన ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాశాను. జ్వరంతో ఉండి ఇది చదువుతుంటే ముందు డాక్టర్ దగ్గరికి వెళ్లండి. చదవడం తర్వాతైనా అవుతుంది.

మీరు రోగుల్ని చూస్తారా, పురుగుల్ని చూస్తారా?

రెండూ. ఒక జ్వరం వెనక కనీసం మూడు ప్రాణులుంటాయి. ఒకటి మంచం మీదున్న మనిషి. రెండోది ఆ మనిషిని కరిచిన పిడుదు. మూడోది అంతకుముందు ఆ పిడుదు రక్తం తాగిన ఎలుకో, కోతో, పశువో. జబ్బు చేసే సూక్ష్మజీవి ఈ మూడింటి మధ్య తిరుగుతుంటుంది. హాస్పిటల్లో కూర్చుంటే మనిషి మాత్రమే కనిపిస్తాడు, అడవిలో తిరిగితే పిడుదు మాత్రమే దొరుకుతుంది. ఈ రెండు చివర్లనూ కలిపి ముడి వెయ్యడమే నా ఉద్యోగం.

ఆ ముడి చాలాసార్లు ఒకే ఒక్క ప్రశ్నతో పడుతుంది. "గత రెండు మూడు వారాల్లో ఎక్కడెక్కడికి వెళ్లారు?" దీన్ని రోగిని అడగడానికి అర నిమిషం చాలు. అడగకపోతే వారం పదిరోజులు వృథా అవుతాయి. ఈ పేజీలో ఈ మాట మళ్లీ మళ్లీ వస్తుంది, ఎందుకంటే నేను చూసిన చాలా విషాదాలు ఈ ప్రశ్న అడగకపోవడం దగ్గరే మొదలయ్యాయి.

పిడుదు, పేను, నల్లి ఒకటేనా?

కాదు. పేనుకు, మంచాల్లో ఉండే నల్లికి ఆరు కాళ్లు, అవి కీటకాలు. పెరిగిన పిడుదుకు ఎనిమిది కాళ్లు, అది సాలీడు, తేలు ఉన్న వర్గంలోది. పంటల మీద కనిపించే ఎర్రనల్లి పేరుకే నల్లి, నిజానికి పిడుదుకు దగ్గరి చుట్టం. పిడుదును కొన్ని చోట్ల గోమారి అని కూడా అంటారు.

ప్రపంచంలో 900 పైచిలుకు రకాల పిడుదులున్నాయి. వీపు మీద గట్టి డాలు లాంటి పెంకు ఉన్నవి ఒక కుటుంబం, తోలు సంచిలా మెత్తగా ఉండేవి ఇంకో కుటుంబం. గట్టివి రోజుల తరబడి ఒంటిని పట్టుకుని రక్తం తాగుతాయి. మెత్తవి ఎక్కువగా రాత్రిపూట వచ్చి, కొద్ది నిమిషాల్లో తాగేసి వెళ్లిపోతాయి. కరిచిన సంగతి కూడా మనిషికి తెలియదు.

అంత చిన్న పురుగు ఇన్ని జబ్బుల్ని ఎలా మోస్తుంది?

దాని బతుకే అలాంటిది. మనం ఎక్కువగా పనిచేసే గట్టి పిడుదును తీసుకోండి. గుడ్డులోంచి వచ్చిన లార్వాకు ఆరు కాళ్లే ఉంటాయి. అది ఒక జంతువు రక్తం తాగి, కిందపడి, కుబుసం విడిచి ఎనిమిది కాళ్ల నింఫ్ (ఇంకా పూర్తిగా ఎదగని దశ) అవుతుంది. నింఫ్ మరో జంతువు రక్తం తాగి పెద్దదవుతుంది. పెద్ద ఆడపిడుదు మూడోసారి కడుపునిండా తాగి, వేల గుడ్లు పెట్టి చనిపోతుంది. చాలా రకాలకు జీవితం మొత్తంలో ఈ మూడు భోజనాలే. మొదటి భోజనంలో క్రిమి ఎక్కితే రెండో భోజనంలో దిగుతుంది. కొన్ని రకాల క్రిములైతే తల్లి నుంచి గుడ్లలోకి కూడా వెళ్తాయి. అప్పుడు పుట్టిన పిల్ల ఇంకా ఎవరినీ కరవకముందే జబ్బును మోస్తూ ఉంటుంది.

పిడుదు ఎగరదు, గెంతదు, చెట్ల మీద నుంచి దూకదు. గడ్డిపోచ చివరకు ఎక్కి, వెనక కాళ్లతో పోచను పట్టుకుని, ముందు కాళ్లు చాచి ఎదురుచూస్తుంది. ఆ ముందు కాళ్ల మీద హాలర్ అవయవం అని ఒక చిన్న గుంట ఉంటుంది. మన ఊపిరిలోని కార్బన్ డయాక్సైడును, ఒంటి వాసనను, వేడిని అది పసిగడుతుంది. మనం రాసుకుంటూ వెళ్తే చాలు, బట్టల్ని పట్టుకుని పైకి పాకుతుంది.

నాకు అన్నిటికన్నా ఆశ్చర్యంగా అనిపించేది దాని లాలాజలం. నోటి దగ్గర ఈటెలాంటి భాగం, దానిమీద వెనక్కి వంగిన ముళ్లు ఉంటాయి. చాలా రకాలు వాటి చుట్టూ సిమెంటు లాంటి పదార్థాన్ని పోసుకుని గట్టిగా నాటుకుంటాయి. లాలాజలంలో రక్తం గడ్డకట్టకుండా ఆపేవి, నొప్పి, దురద తెలియనివ్వనివి, మన రోగనిరోధక కణాలను పక్కదారి పట్టించేవి ఎన్నో ప్రొటీన్లు ఉంటాయి. వారం దాకా మన ఒంటి మీద కూర్చుని తినాలంటే అన్ని ఏర్పాట్లు కావాలి మరి. ఆ ఏర్పాట్లనే క్రిమి కూడా వాడుకుంటుంది. పిడుదు తన భోజనం కోసం తెరిచిన తలుపులోంచి అదీ లోపలికి వచ్చేస్తుంది.

పిడుదు కరిస్తే జబ్బు వచ్చినట్టేనా?

కాదు. చాలా పిడుదుల్లో మనిషికి హాని చేసే క్రిమి ఉండదు. ఉన్నా అది మనలోకి రావడానికి టైమ్ కావాలి. లైమ్ జబ్బు చేసే బొరేలియా అనే బ్యాక్టీరియా పిడుదు పేగులో నిద్రపోతున్నట్టు ఉంటుంది. వేడి రక్తం లోపలికి వస్తుంటే అది తన పైపొర ప్రొటీన్లను మార్చుకుని, పేగు దాటి లాలాజల గ్రంథుల్లోకి చేరుతుంది. దీనికి సాధారణంగా ఒక రోజుకు పైనే పడుతుంది. అందుకే ఆ రోజే చూసి తీసేస్తే చాలావరకు తప్పించుకోవచ్చు. వైరస్‌లతో ఈ ధీమా పనికిరాదు. పొవాసన్ వైరస్ మీద జరిగిన ఎలుకల ప్రయోగాల్లో 15 నిమిషాల్లోనే క్రిమి ఒంట్లోకి వెళ్లింది.

ఏయే జబ్బులు వస్తాయి?

బ్యాక్టీరియా వల్ల వచ్చేవి: లైమ్, రికెట్సియా అనే బ్యాక్టీరియా తెచ్చే మచ్చల జ్వరాలు, అనాప్లాస్మోసిస్, ఎర్లికియోసిస్, తిరగబెట్టే జ్వరం. వైరస్‌ల వల్ల వచ్చేవి: పిడుదుల మెదడువాపు, క్యాసనూర్ అటవీ జ్వరం, క్రిమియన్ కాంగో రక్తస్రావ జ్వరం, ఎస్ఎఫ్‌టీఎస్ (ప్లేట్‌లెట్లు పడిపోయే తీవ్ర జ్వరం). పరాన్నజీవి వల్ల వచ్చేది: బబీసియోసిస్, మలేరియాలాగే ఎర్ర రక్తకణాల్లో దూరుతుంది. ఒకే పిడుదులో రెండు మూడు రకాల క్రిములుండి ఒకేసారి రెండు జబ్బులు రావడమూ ఉంది. మందుకు తగ్గాల్సిన జ్వరం తగ్గకపోతే ఈ సంగతి గుర్తు చేసుకోవాలి.

ఈ జ్వరాలకు పిడుదులే కారణమని మొదట ఎవరు కనిపెట్టారు?

పశువుల జ్వరం విషయంలో రైతులు ముందే అనుమానించారు. అమెరికాలో దక్షిణాది నుంచి తోలుకొచ్చిన పశువులు ఆరోగ్యంగానే ఉండేవి, అవి నడిచిన బీడుల్లో మేసిన ఉత్తరాది పశువులు చచ్చిపోయేవి. పిడుదులే దీనికి కారణమన్న రైతుల మాటను చదువుకున్నవాళ్లు చాలామంది కొట్టిపారేశారు. థియోబాల్డ్ స్మిత్, ఫ్రెడ్ కిల్‌బోర్న్ అనే పరిశోధకులు మాత్రం దాన్ని పరీక్షకు పెట్టారు. దక్షిణాది పశువుల ఒంటి మీది పిడుదుల్ని చేత్తో ఏరేసి ఉత్తరాది పశువులతో కలిపి ఉంచితే జబ్బు రాలేదు. పశువులే లేని పొలంలో ఉత్త పిడుదుల్ని చల్లి, ఉత్తరాది పశువుల్ని వదిలితే వచ్చింది. 1893లో ఆ ఫలితాలు ప్రచురించారు. ఇంతకన్నా సూటి ప్రయోగాన్ని నేను చూడలేదు. ఖరీదైన పరికరం ఒక్కటీ లేదు. రైతు మాటను సీరియస్‌గా తీసుకోవడం, ఓపికగా పిడుదుల్ని ఏరడం, అంతే.

ఆ తర్వాత అమెరికాలోనే మోంటానా రాష్ట్రంలోని బిటర్‌రూట్ లోయ. అక్కడ రాకీ మౌంటెన్ మచ్చల జ్వరం వచ్చినవాళ్లలో ఎక్కువమంది చనిపోయేవారు. 1906లో హోవర్డ్ రికెట్స్ అడవి పిడుదు ఆ జ్వరాన్ని గినీ పందికి అంటించగలదని చూపించారు. నాలుగేళ్ల తర్వాత మెక్సికో సిటీలో, పేల ద్వారా వచ్చే టైఫస్ మీద పనిచేస్తూ, అదే జ్వరంతో చనిపోయారు. అప్పటికి ఆయనకు 39 ఏళ్లు. రికెట్సియా అన్న పేరు ఆయన జ్ఞాపకంగా పెట్టిందే. ఆఫ్రికాలో తిరగబెట్టే జ్వరానికి పిడుదు కారణమని చూపిన జోసెఫ్ డటన్ కూడా 1905లో కాంగోలో ఆ జబ్బుతోనే పోయారు. ఆ బ్యాక్టీరియాను ఇప్పుడు బొరేలియా డటోనై అంటాం. ఈ పేర్లు రోజూ ట్యూబుల మీద రాస్తుంటాను. ఇవి మనుషుల పేర్లని నా విద్యార్థులకు తప్పకుండా చెప్తాను.

లైమ్ జబ్బు గురించి ఇంత ఎక్కువగా ఎందుకు మాట్లాడతారు?

ఒక తల్లి ఊరుకోకపోవడం వల్ల బయటపడిన జబ్బు అది. 1975లో కనెక్టికట్ రాష్ట్రంలోని లైమ్ అనే ఊళ్లో, పాలీ మరే అనే ఆవిడ తన ఇంట్లోనూ ఇరుగుపొరుగులోనూ పిల్లలకు మోకాళ్లు వాస్తున్నాయని లిస్టు రాసుకున్నారు. అధికారులకు ఫోన్ చేశారు. అంతకుముందు ఏళ్ల తరబడి ఆవిడ మాటను డాక్టర్లు పట్టించుకోలేదు. చివరికి యేల్ యూనివర్సిటీ నుంచి ఆలెన్ స్టీర్ బృందం వచ్చి, ఆ చుట్టుపక్కల 39 మంది పిల్లల్లో, 12 మంది పెద్దల్లో ఈ వాపును గుర్తించింది. చాలామందికి అడవి దగ్గర ఇళ్లు, వేసవిలో మొదలైన జబ్బు, కొందరికి ముందుగా ఒంటి మీద విచిత్రమైన ఎర్రమచ్చ. అలాంటి మచ్చను 1909లోనే స్వీడన్‌లో ఆర్విడ్ అఫ్జీలియస్ వర్ణించి, పిడుదు కాటుతో ముడిపెట్టి ఉన్నారు.

క్రిమి దొరికింది 1981లో. స్విట్జర్లాండ్‌లో పుట్టిన విలీ బర్గ్‌డార్ఫర్ మోంటానాలోని రాకీ మౌంటెన్ ల్యాబ్‌లో పనిచేసేవారు. న్యూయార్క్ లాంగ్ ఐలాండ్ వైపు నుంచి వచ్చిన పిడుదుల్లో రికెట్సియా కోసం వెతుకుతున్నారు. పేగును కోసి మైక్రోస్కోప్ కింద పెడితే మెలికలు తిరిగిన సన్నటి జీవులు కనిపించాయి. కుర్రవాడిగా బాసెల్‌లో ఆయన చేసిన పీహెచ్‌డీ తిరగబెట్టే జ్వరం పిడుదుల మీదే. మెలికల బ్యాక్టీరియా పిడుదు లోపల ఎలా ఉంటుందో ఆయనకు బాగా తెలుసు. లైమ్ రోగుల రక్తంలోని యాంటీబాడీలు (క్రిమితో పోరాడటానికి ఒళ్లు తయారు చేసుకునే ప్రొటీన్లు) ఆ జీవులకు అతుక్కున్నాయి. వెతికింది ఒకటి, దొరికింది ఇంకొకటి. దొరికిందాన్ని గుర్తుపట్టేంత పాత చదువు ఆయన దగ్గర ఉంది. 1984లో దానికి బొరేలియా బర్గ్‌డార్ఫెరి అని పేరు పెట్టారు.

అడవిలో పిడుదుల్ని ఎలా పడతారు?

ఒక మీటరు పొడవు, ఒక మీటరు వెడల్పున్న తెల్లటి ఫ్లానెల్ గుడ్డకు కర్ర కట్టి, గడ్డి మీద నెమ్మదిగా లాగుతాం. కొన్ని అడుగులకోసారి ఆగి గుడ్డను తిప్పి చూస్తాం. జంతువు వచ్చిందనుకుని ఎక్కిన పిడుదులు తెలుపు మీద నల్లచుక్కల్లా కనిపిస్తాయి. ఎంత దూరం లాగామో, ఎన్ని దొరికాయో, ఆ రోజు ఎండ, తేమ, గడ్డి ఎత్తు అన్నీ రాసుకోవాలి. రాయకపోతే దొరికిన పిడుదులకు విలువ లేదు. కొన్ని రకాలకు డ్రై ఐస్ పెడతాం, దాన్నుంచి వచ్చే కార్బన్ డయాక్సైడును మన ఊపిరి అనుకుని అవే నడిచొస్తాయి. ఎలుకల్ని బోనులో పట్టి, చెవుల దగ్గర పిడుదులు ఏరి, వదిలేస్తాం.

నా మొదటి ఏడాది సంగతి ఒకటి చెప్పాలి. పిడుదుల్ని ఆల్కహాల్ సీసాల్లో వేసి, పైన పెన్నుతో స్థలం, తేదీ రాశాను. సీసాల్లో కొన్ని కారి, ఆల్కహాల్ తగిలి సిరా మొత్తం కరిగిపోయింది. మూడు రోజుల నడక, ఎండ, నలుగురి శ్రమ ఒక్క రాత్రిలో పనికిరాకుండా పోయాయి. ఏ పిడుదు ఎక్కడిదో తెలియకపోతే దానికీ జ్వరానికీ ముడి వెయ్యలేం. అప్పట్నుంచి చిన్న కాగితం మీద పెన్సిల్‌తో రాసి సీసా లోపలే వేస్తాను. పెన్సిల్ రాత ఆల్కహాల్లో కరగదు. ఈ విషయం ఏ పాఠ్యపుస్తకం మొదటి పేజీలోనూ చూడలేదు, ఉంటే బావుండేది.

ల్యాబ్‌లో ఏం జరుగుతుంది?

ముందు మైక్రోస్కోప్ కింద ఏ రకం పిడుదో, ఏ దశో చూస్తాం. ఆ తర్వాత పైన అంటిన మురికి పోయేలా కడిగి, నలిపి, అందులోని జన్యుపదార్థాన్ని తీసి, పీసీఆర్ (క్రిమి జన్యువు ఉందో లేదో వెతికే పరీక్ష) పెడతాం. ప్రతి బ్యాచ్‌తో పాటు పిడుదు లేని ఖాళీ ట్యూబు కూడా అన్ని దశలూ దాటుతుంది. ఆ ఖాళీ ట్యూబులో ఏదైనా కనిపిస్తే ఆ రోజు ఫలితాలన్నీ పక్కన పడేయాల్సిందే.

ఇక్కడ ఒక జాగ్రత్త. పిడుదులో కనిపించిన ప్రతి బ్యాక్టీరియా జబ్బు చేసేది కాదు. కొన్ని రకాల రికెట్సియా పిడుదుతో కలిసి బతుకుతాయి, వాటివల్ల మనుషులకు జబ్బు వచ్చినట్టు ఎక్కడా లేదు. అలాగని తొందరపడి తీసిపారేయడమూ తప్పే. రికెట్సియా పార్కెరి అనే బ్యాక్టీరియా పిడుదుల్లో ఉందని 1939లోనే ప్రచురించారు. అది మనిషికి జబ్బు చేస్తుందని నిర్ధారించిన తొలి కేసు 2004లో వచ్చింది. 65 ఏళ్లు! ఈ మధ్యలో దాని జ్వరం ఎందరికి వచ్చి, ఇంకేదో జబ్బు పేరుతో రికార్డుల్లోకి వెళ్లిందో. కొత్త క్రిమి దొరికిన ప్రతిసారీ నాకు ఈ సంగతే మెదులుతుంది.

రికెట్సియాల్ని పెంచడం కూడా కష్టమే. అవి బతికున్న కణాల లోపల మాత్రమే పెరుగుతాయి. మామూలు బ్యాక్టీరియాలా గాజుపళ్లెంలో, జిగురు మీద పెరగవు. అందుకే హాస్పిటల్లో చేసే సాధారణ బ్లడ్ కల్చర్‌లో ఇవి దొరకవు.

రక్తపరీక్ష నెగటివ్ వచ్చింది. అంటే ఆ జబ్బు లేనట్టేనా?

మొదటి వారంలో అయితే ఆ మాట చెప్పలేం. ఎక్కువగా వాడే పరీక్షలు క్రిమిని కాదు, క్రిమి మీద మన ఒళ్లు తయారు చేసుకున్న యాంటీబాడీలను వెతుకుతాయి. అవి తయారవడానికి వారం నుంచి కొన్ని వారాలు పడుతుంది. జ్వరం వచ్చిన మూడో రోజు పరీక్ష చేస్తే నెగటివ్ రావడమే సహజం. అందుకే పరిశోధనలో రెండుసార్లు రక్తం తీస్తాం, జ్వరంలో ఒకసారి, రెండు నుంచి నాలుగు వారాల తర్వాత ఇంకోసారి. యాంటీబాడీల స్థాయి నాలుగు రెట్లు పెరిగితే అది ఇప్పటి జబ్బే అని గట్టిగా చెప్పొచ్చు. ఈ రెండో శాంపిల్ కోసమే నా సిబ్బంది జ్వరం తగ్గి ఇంటికెళ్లినవాళ్లను బతిమాలుతుంటారు. బాగైపోయాక మళ్లీ సూది గుచ్చించుకోవడం ఎవరికిష్టం? అయినా వచ్చేవాళ్లున్నారు. వాళ్ల వల్లే ఈ శాస్త్రం నడుస్తోంది.

పాజిటివ్ వచ్చినా ఆలోచించాలి. ఎప్పుడో వచ్చి తగ్గిన జబ్బు యాంటీబాడీలు నెలలు, ఒక్కోసారి ఏళ్లు ఉండిపోతాయి. దగ్గరి చుట్టాలైన క్రిములకు పరీక్ష తికమక పడుతుంది. లక్షణాలు, వెళ్లిన చోటు, రిపోర్టు మూడూ ఒక మాట చెప్పాలి.

మరి రిపోర్టు రాకుండానే మందు ఎందుకు మొదలుపెడతారు?

ఆగితే ప్రాణం పోవచ్చు కాబట్టి. రాకీ మౌంటెన్ మచ్చల జ్వరానికి లక్షణాలు మొదలైన 5 రోజుల్లోపు డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ పడితే బాగా పనిచేస్తుంది, దాటితే చావు ముప్పు బాగా పెరుగుతుంది. పరీక్ష నిక్కచ్చిగా పాజిటివ్ అయ్యేది సరిగ్గా ఆ గడువు దాటాకే. మచ్చలు కూడా జ్వరం వచ్చిన రెండు నుంచి నాలుగు రోజుల తర్వాత వస్తాయి, కొందరికి అసలు రావు. అందుకే అనుమానం వచ్చిన రోజే మందు మొదలుపెట్టి, రిపోర్టు కోసం తర్వాత ఎదురుచూడాలి.

చిన్నపిల్లలకు డాక్సీసైక్లిన్ ఇస్తే పళ్లు రంగు మారతాయని తల్లిదండ్రులకు టెన్షన్. ఆ భయం పాత టెట్రాసైక్లిన్‌ల నుంచి వచ్చింది. కొద్దిరోజుల డాక్సీసైక్లిన్ కోర్సు వల్ల పళ్లకు అలా జరగదని అధ్యయనాలు చూపించాయి. ఈ రకం జ్వరాల అనుమానం ఉంటే ఏ వయసు పిల్లలకైనా అదే మొదటి మందు. డాక్టర్ రాస్తే దయచేసి మానేయకండి.

వైరస్ జ్వరాలకు ఈ మందు పనిచేయదు. వాటికి చాలావరకు ఒంట్లో నీరు, రక్తం, ఊపిరి చూసుకుంటూ కాపాడటమే వైద్యం.

స్క్రబ్ టైఫస్ కూడా పిడుదుల జబ్బేనా?

కాదు, కానీ అన్నదమ్ముల్లాంటివే. దాన్ని తెచ్చేది కంటికి సరిగ్గా కనిపించని, ఎర్రనల్లి వర్గానికి చెందిన ఒక జీవి లార్వా. దాన్ని చిగ్గర్ అంటాం. క్రిమి పేరు ఓరియెన్షియా సుసుగముషి. మందు ఎక్కువగా అదే డాక్సీసైక్లిన్, లేదా అజిత్రోమైసిన్. కరిచిన చోట సిగరెట్ కాల్చినట్టు నల్లటి పక్కు కడుతుంది, కొన్ని పిడుదు జ్వరాల్లోనూ ఇలాగే ఉంటుంది. నొప్పి, దురద ఉండవు కాబట్టి రోగి చెప్పడు. చంకల్లో, గజ్జల్లో, రొమ్ముల కింద, చెవుల వెనక, మోకాలి వెనక, తలలో దాక్కుంటుంది.

ఒక పెద్దాయనకు తొమ్మిది రోజుల జ్వరం, బోలెడు రిపోర్టులు, ఫైలు ఇంత మందం. బట్ట పక్కకు తీసి చూస్తే గజ్జల్లో పక్కు ఉంది. అప్పటిదాకా ఎవరూ ఆయన్ను పూర్తిగా పరీక్ష చేయలేదు. రెండు రోజుల్లో జ్వరం దిగింది. ఆ ఫైలు నాకిప్పటికీ గుర్తొస్తుంది.

పిడుదు పట్టుకుని కనిపించింది. ఏం చెయ్యాలి?

సన్నటి మొన ఉన్న ట్వీజర్‌తో చర్మానికి వీలైనంత దగ్గరగా, తల దగ్గర పట్టుకుని, మెలితిప్పకుండా, ఒకే బలంతో నిటారుగా పైకి లాగండి. ఆ చోటును, చేతుల్ని సబ్బుతో కడగండి. పొట్ట మీద నొక్కకండి. అగ్గిపుల్లతో కాల్చడం, కిరోసిన్, వాజిలిన్, నెయిల్ పాలిష్ పూయడం వద్దు. అది ఊడకపోగా, ఆలస్యం అవుతుంది. నోటి ముక్క చర్మంలో మిగిలిపోతే గుచ్చి తవ్వకండి, చర్మం దాన్ని తానే బయటికి తోసేస్తుంది.

తేదీ రాసి పెట్టుకోండి. నెలరోజుల్లోపు జ్వరం, ఒళ్లునొప్పులు, తలనొప్పి, మచ్చ ఏది వచ్చినా డాక్టర్‌కు పిడుదు సంగతే మొదట చెప్పండి. లైమ్ మచ్చ 3 నుంచి 30 రోజుల్లో వచ్చి, రోజురోజుకూ పెద్దదవుతుంది. మర్నాడే వచ్చి తగ్గిపోయే చిన్న ఎర్రదనం కాటుకు దద్దురు మాత్రమే.

ముందుజాగ్రత్తగా యాంటీబయాటిక్ వేసుకోవచ్చా?

ప్రతి కాటుకూ వద్దు. లైమ్ ఎక్కువగా ఉన్న ప్రాంతంలో, దాన్ని మోసే రకం పిడుదు, 36 గంటలకు పైగా పట్టుకుని ఉంటే, తీసిన 72 గంటల్లోపు ఒక్క డోసు డాక్సీసైక్లిన్ ఇవ్వడం ఉంది. అది డాక్టర్ తేల్చాల్సిన విషయం. మిగతా పిడుదు జబ్బులకు ఇలాంటి ముందు డోసు పనిచేస్తుందని రుజువు లేదు.

పరిశోధకులు కోతుల చావుల్ని ఎందుకు లెక్కపెడతారు?

1957లో కర్ణాటక షిమోగా జిల్లాలోని క్యాసనూర్ అడవిలో కోతులు వరసగా చచ్చిపోవడం, చుట్టుపక్కల పల్లెల్లో జ్వరాలు రావడం ఒకేసారి జరిగాయి. పుణెలోని వైరస్ రిసెర్చ్ సెంటర్ బృందం వెళ్లి కొత్త వైరస్‌ను పట్టుకుంది. అదే క్యాసనూర్ అటవీ జ్వరం, జనం నోట కోతి జ్వరం. మోసేది ముఖ్యంగా హీమాఫైసాలిస్ స్పినిజెరా అనే పిడుదు. కోతి చచ్చిపడగానే దాని ఒంటి మీది పిడుదులు కిందికి దిగుతాయి, ఆ చోటు కొన్నాళ్లపాటు ప్రమాదకరంగా మారుతుంది. ఎండాకాలం వైపు నింఫ్‌లు ఎక్కువగా తిరిగే నెలల్లోనే మనుషుల కేసులూ పెరుగుతాయి. కట్టెలకు, ఆకులకు, పశువుల వెంట అడవికి వెళ్లేవాళ్లే దీనికి ఎక్కువగా బలవుతారు.

కాబట్టి చచ్చిన కోతి కబురు మాకు ముందస్తు హెచ్చరిక. దాన్ని ముట్టుకోకుండా, పక్కకు వెళ్లకుండా, అటవీ శాఖకో ఆరోగ్య సిబ్బందికో చెప్పినవాళ్లు ఎవరో ఒకరి ప్రాణం కాపాడినట్టే. ఆ కబురు చెప్పేది చాలాసార్లు పశువులు కాసే పిల్లలే.

ఈ జబ్బులకు టీకాలు ఉన్నాయా?

పిడుదుల మెదడువాపుకు మంచి టీకా ఉంది, యూరప్‌లో, రష్యాలో వాడుతున్నారు. క్యాసనూర్ జ్వరానికి ఒక టీకా చాలా ఏళ్లు వాడారు, రక్షణ సరిగా దొరకడం లేదని తేలి ఆపేశారు. 1920ల్లో మచ్చల జ్వరానికి చేసిన టీకా అయితే జబ్బు ఉన్న పిడుదుల్నే నూరి, ఫీనాల్ కలిపి చేశారు. 1924లో రాస్కో స్పెన్సర్ అనే డాక్టర్ దాన్ని ముందు తనకే వేసుకున్నారు.

లైమ్ టీకా కథ నాకు బాధ కలిగించేది. 1998లో అమెరికాలో అనుమతి వచ్చింది. అది పనిచేసే పద్ధతి ఎంతో అందమైనది. టీకా వేసుకున్న మనిషి రక్తంలోని యాంటీబాడీలు పిడుదు పొట్టలోకి వెళ్లి, బొరేలియాను అక్కడే చంపుతాయి. కీళ్లవాపు వస్తుందన్న భయం ప్రచారమైంది. ఆ సంబంధానికి రుజువు దొరకలేదు కానీ కొనేవాళ్లు తగ్గిపోయి 2002లో కంపెనీయే వెనక్కి తీసుకుంది. అదే సూత్రం మీద కొత్త టీకా మళ్లీ పెద్ద ఎత్తున మనుషుల మీద పరీక్షల దాకా వచ్చింది.

లైమ్‌కు మందు పూర్తిగా వాడాను. నీరసం, నొప్పులు పోలేదు. నా మాట ఎవరూ నమ్మడం లేదు.

నేను నమ్ముతాను. సరైన చికిత్స తర్వాత కూడా నూటికి 5 నుంచి 10 మందికి నెలల తరబడి నీరసం, ఒళ్లునొప్పులు, మతిమరుపు లాంటివి ఉంటాయి. ఎందుకన్నది ఇంకా తేలలేదు. అలాగని నెలల తరబడి యాంటీబయాటిక్ ఎక్కించుకోకండి. ఇలాంటివాళ్లతో చేసిన నియంత్రిత పరీక్షల్లో పొడిగించిన యాంటీబయాటిక్ వల్ల నిలిచే మేలు కనిపించలేదు, రక్తనాళంలో పెట్టిన గొట్టాల ఇన్ఫెక్షన్ల లాంటి హాని మాత్రం జరిగింది. మీ బాధ నిజం, దానికి ఎవరో అమ్ముతున్న మందు సరైనది కాకపోవచ్చు. ఈ రెండు మాటలూ ఒకేసారి చెప్పే డాక్టర్‌ను వెతుక్కోండి.

పిడుదు కరిస్తే మాంసం పడకుండా పోతుందా?

కొందరికి అవుతుంది. కొన్ని పిడుదుల కాటు తర్వాత ఆల్ఫా గాల్ అనే చక్కెర మీద అలెర్జీ పుడుతుంది. అది పశువులు, మేకలు, పందుల లాంటి క్షీరదాల మాంసంలో ఉంటుంది, కోడి, చేపల్లో ఉండదు. తిన్న కొన్ని గంటల తర్వాత దద్దుర్లు, ఆయాసం రావడం దీని గుర్తు. అంత ఆలస్యంగా వస్తుంది కాబట్టే కారణం దొరకదు.

పిడుదులు కొత్త చోట్లకు వస్తున్నాయా?

వస్తున్నాయి. లైమ్ మోసే పిడుదు కెనడాలోకి, స్వీడన్‌లో ఇంకా ఉత్తరానికి, యూరప్ కొండల మీద ఇంకా ఎత్తుకు చేరింది. చలి తగ్గడం ఒక కారణం. అడవుల్ని ముక్కలు చేసి మధ్యలో ఇళ్లు కట్టడం, జింకల సంఖ్య పెరగడం కూడా ఉన్నాయి. జింక పెద్ద పిడుదులకు తిండి పెడుతుంది కానీ పిడుదుకు బొరేలియాను ఎక్కించదు. ఆ పని తెల్లకాళ్ల ఎలుకది. దేన్ని తగ్గిస్తే జబ్బు తగ్గుతుందో చెప్పడం అందుకే అంత తేలిక కాదు.

మీకు భయం వెయ్యదా?

జాగ్రత్తగా ఉంటాను. అడవికి లేత రంగు బట్టలు, ప్యాంటు సాక్సుల్లోకి దోపి, బట్టలకు పెర్మెత్రిన్ అనే పురుగుల మందు పట్టించి వెళ్తాం. రాగానే బట్టలు వేడి డ్రయర్‌లో వేసి, ఒకరి మెడ, వీపు ఒకరం చూసుకుంటాం. ల్యాబ్‌లో రికెట్సియాకు మూడో స్థాయి భద్రత, క్రిమియన్ కాంగో లాంటి వైరస్‌లకు నాలుగో స్థాయి. ఈ నియమాలు ఊరికే రాలేదు. మోంటానా ల్యాబ్ తొలినాళ్లలో సిబ్బంది పలువురు మచ్చల జ్వరంతో చనిపోయారు. 1937లో సోవియట్ తూర్పు అడవుల్లో మెదడువాపు మీద పనిచేస్తూ ఆ జబ్బే అంటుకున్న మిఖాయిల్ చుమకోవ్‌కు జీవితాంతం వినికిడి లేదు, కుడిచెయ్యి సరిగా పనిచేయలేదు. అయినా ఆయన వైరస్‌ల మీద పని ఆపలేదు.

ఈ రంగంలోకి రావాలంటే ఏం చదవాలి?

మెడిసిన్, పశువైద్యం, మైక్రోబయాలజీ, కీటకశాస్త్రం, గణాంకాలు, ఏ దారైనా ఫర్వాలేదు. ఒక్కరే అన్నీ చెయ్యలేరు, నా బృందంలో పశువైద్యుడు లేకపోతే సగం పని ఆగిపోతుంది. పిడుదుల్ని చూసి రకం చెప్పగలిగినవాళ్లు తగ్గిపోతున్నారు. ఓపిక ఉన్నవాళ్లు ఆ విద్య నేర్చుకోండి.

పిడుదు ఫొటో పంపితే ఏ రకమో చెప్పగలరా?

చాలాసార్లు కుటుంబం వరకు చెప్పొచ్చు. తెల్ల కాగితం మీద పెట్టి, పైనుంచి ఒకటి, బోర్లా తిప్పి ఒకటి, నోటి భాగం స్పష్టంగా కనిపించేలా తీయండి. పక్కన స్కేలు పెట్టండి. రక్తం తాగి ఉబ్బినదైతే ఫొటోతో కష్టం, పిడుదే కావాలి. మూతపెట్టిన చిన్న సీసాలో వేసి ఉంచండి. లోపల కాగితం మీద తేదీ, కరిచిన చోటు, మీరు నడిచిన దారి రాసి వేయండి. పెన్సిల్‌తోనే రాయండి.